డర్ట్ బైకు వెనక షాక్ అబ్జార్బర్: ఇంట్లో ఎంతవరకు విప్పొచ్చు, ఎక్కడ ఆగాలి

డర్ట్ బైకు ఉన్న ఇంట్లో ఇంజిన్ ఆయిలు ఎప్పుడు మార్చారో, ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు కడిగారో ఎవరిని అడిగినా టక్కున చెబుతారు. వెనక షాక్ అబ్జార్బర్లో నూనె ఎప్పుడు మార్చారని అడిగితే మాత్రం "అందులో కూడా నూనె ఉంటుందా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఉంటుంది. బండిని బట్టి పావు లీటరు నుంచి అర లీటరు లోపు. అది పాడైనా చప్పుడు రాదు, పొగ రాదు. వారం వారం తొక్కే పిల్లవాడు రోజురోజుకీ తగ్గే పట్టుకి తెలియకుండానే అలవాటు పడిపోతాడు. చివరికి ఒక రోజు, గుట్ట మీంచి దిగేటప్పుడు వెనక చక్రం గుర్రంలా ఎగదన్నుతుంది. దాని పని అయిపోయిందని తెలిసేది అప్పుడే. ఆ వెనక సీటు మీద ఉన్నది మన పిల్లలు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను మెకానిక్‌ని కాను. బీఎస్సీలో ఎంపీసీ చదివి, పెళ్ళయ్యాక అమెరికా వచ్చి, ఇల్లు చూసుకుంటున్నాను. మా అబ్బాయికి పదమూడేళ్ళు. మా వారికి శనివారాలు కూడా ఆఫీసు కాల్స్ ఉంటాయి, అందుకని బండిని ట్రక్కు ఎక్కించి ట్రాకుకి తీసుకెళ్ళేదీ నేనే, వచ్చాక కడిగేదీ నేనే. ట్రాకు దగ్గర తగిలే మనవాళ్ళు "షాక్ కూడా మీరే విప్పుతారాండీ?" అని అడుగుతుంటారు. విప్పుతాను, కానీ అంతా కాదు. ఏది ఇంట్లో చేసుకోవచ్చు, ఏది షాపుకి వదిలేయాలి అన్నది ముందే తేల్చుకుంటే ఇందులో భయపడాల్సింది పెద్దగా లేదు.

లోపల జరిగేది ఏమిటి

బయటికి కనిపించే పెద్ద స్ప్రింగు బండిని మోస్తుంది, అంతే. నొక్కితే నొక్కుకుని, వదిలితే అంతే బలంగా పైకి తంతుంది. ఆ తన్నుని అణిచేది స్ప్రింగు మధ్యలో ఉన్న గొట్టం. గొట్టం నిండా నూనె, నూనెలో ఒక పిస్టన్, పిస్టన్‌కి సన్నటి రంధ్రాలు, ఆ రంధ్రాల మీద పల్చటి ఉక్కు బిళ్ళల దొంతర. చక్రం పైకి లేచినప్పుడు పిస్టన్ నూనెలోకి దూసుకెళుతుంది. నూనె రంధ్రాల గుండా పోవాలంటే ఆ బిళ్ళలను వంచి దారి చేసుకోవాలి. అలా ఇరుకులో దూరడంలో కదలిక వేడిగా మారుతుంది. షాక్ చేసే పని మొత్తం ఇదే, కదలికను వేడిగా మార్చి గాలికి వదిలేయడం.

ఎంత వేడి? బండి 100 కిలోలు, రైడరు 60 కిలోలు అనుకోండి. ఒక మీటరు ఎత్తు నుంచి దిగితే సుమారు 1,570 జౌళ్ళ శక్తి. సగం ముందు ఫోర్కు తీసుకుందనుకుంటే వెనక షాక్‌కి 785 మిగులుతుంది. 400 మిల్లీలీటర్ల నూనెను ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసింది సుమారు 700 జౌళ్ళు. అంటే ఒక్కో జంప్‌కి ఒక డిగ్రీ చిల్లర. అల్యూమినియం బాడీ కొంత వేడి పీల్చుకుంటుంది, గాలి కొంత పట్టుకుపోతుంది. అయినా ఇరవై నిమిషాలు ఆగకుండా తొక్కితే షాక్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. వేడెక్కిన నూనె పల్చబడుతుందని వంటింట్లో ఉన్నవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. పల్చబడితే రంధ్రాల్లోంచి తేలిగ్గా జారిపోతుంది, అణిచే బలం తగ్గుతుంది. చల్లారితే మళ్ళీ చిక్కబడుతుంది. కానీ పదే పదే కాగి, అరిగిన లోహపు పొడి కలిసి నల్లబడిన నూనె కొత్తదానిలా ఎప్పటికీ పనిచేయదు.

ఇక పక్కనే అతుక్కుని ఉండే చిన్న సిలిండరు, అదే రిజర్వాయరు. మన ఊళ్ళలో బజాజ్ పల్సర్ వెనక షాక్‌లకు చిన్న గ్యాసు డబ్బాలు కనిపించేవి, నైట్రాక్స్ అని పేరు రాసి ఉండేది, గుర్తుందా? డర్ట్ బైకులో అదే పని ఇంకా గట్టిగా జరుగుతుంది. పిస్టన్ షాఫ్ట్ లోపలికి వెళ్ళినప్పుడు అది ఆక్రమించిన మేరకు నూనె ఎక్కడికో పోవాలి కదా. నూనె నొక్కితే నొక్కుకోదు. అందుకని రిజర్వాయరులోకి వెళుతుంది. అక్కడ ఒక రబ్బరు సంచి ఉంటుంది, దాన్ని బ్లాడర్ అంటారు. అందులో నైట్రోజన్ సుమారు 10 బార్ల ఒత్తిడితో ఉంటుంది. నూనె వచ్చి సంచిని నొక్కుతుంది, షాఫ్ట్ బయటికి రాగానే సంచి నూనెను వెనక్కి నెడుతుంది. కొన్ని రకాల్లో సంచి బదులు జారే పిస్టన్ ఉంటుంది, సూత్రం ఒకటే.

ఆ ఒత్తిడికి ఇంకో పని ఉంది. కవ్వంతో మజ్జిగ చిలికితే నురుగు వస్తుంది. షాక్ పిస్టన్ కూడా కవ్వమే, సెకనుకి ఎన్నోసార్లు చిలుకుతుంది. నూనెలో నురుగు వస్తే రంధ్రాల్లోంచి పోయేది నూనె కాదు, బుడగలు. బుడగ నొక్కుకుపోతుంది కాబట్టి ఆ క్షణం షాక్‌లో ఏమీ లేనట్టే. గోళీసోడా కొట్టేదాకా బుడగలు కనిపించవు, గోళీ లోపలికి జారగానే పొంగుతాయి. నైట్రోజన్ ఒత్తిడి ఆ గోళీ లాంటిది. అది ఉన్నంతసేపు బుడగలు పుట్టవు. గ్యాసు కారిపోయిన షాక్‌లో ఎంత మంచి నూనె పోసినా ఉపయోగం లేనిది ఇందుకే.

నైట్రోజనే ఎందుకంటే వేడికి వ్యాకోచించదు కాబట్టి అని ట్రాకు దగ్గర చాలామంది చెబుతారు. ఇంటర్లో చదివిన వాయు నియమాలు గుర్తు తెచ్చుకోండి, అది నిజం కాదు. 25 డిగ్రీల దగ్గర 10 బార్లు నింపితే 90 డిగ్రీల దగ్గర సుమారు 12.4 బార్లు అవుతుంది, నైట్రోజన్ అయినా పొడి గాలి అయినా అంతే. అసలు కారణాలు వేరు. కంప్రెసర్ గాలిలో తేమ ఉంటుంది, ఆక్సిజన్ ఉంటుంది. ఆక్సిజన్ రబ్బరును, నూనెను పాడుచేస్తుంది, రబ్బరు గోడ గుండా నైట్రోజన్ కంటే త్వరగా బయటికి పోతుంది. వేడి నూనె దగ్గర ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ మంచిది కాదు కూడా. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండరు ఉంది కదా, అందులోంచి కొట్టించేద్దాం అన్న ఆలోచన కలలో కూడా వద్దు. నూనె, ఒత్తిడిలో ఉన్న స్వచ్ఛమైన ఆక్సిజన్ కలిస్తే పేలుతుంది.

వెనక ఒకే షాక్ ఉండే ఈ పద్ధతికి మోటోక్రాస్‌లో పేరు తెచ్చింది బెల్జియం ఇంజినీరు లూసియన్ టిల్కెన్స్ రూపకల్పన. యమహా దాన్ని తీసుకుంది. 1973లో స్వీడన్ రైడరు హోకన్ ఆండర్సన్ ఆ షాక్ ఉన్న యమహా మీద 250 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. అంతకు ముందు బండికి అటొకటి ఇటొకటి రెండు షాక్‌లు, ఇప్పటికీ మన స్ప్లెండర్‌కి ఉన్నట్టే. 1980ల మొదట్లో మిగతా కంపెనీలు షాక్ కింద లింకేజి పెట్టాయి. ఇప్పుడు పెద్ద మోటోక్రాస్ బండిలో వెనక చక్రం సుమారు 300 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడుతుంది, షాక్ మాత్రం అందులో సగం కంటే తక్కువే కదులుతుంది. తక్కువ కదలికతో ఎక్కువ బలం మోయాలి, దాని కష్టం అది.

విప్పాలా వద్దా

షాఫ్ట్ మీద నూనె తడి కనిపిస్తే సీలు పోయినట్టే, ఆలోచించక్కర్లేదు. గతుకుల్లో వెనక భాగం పక్కలకు ఊగడం, బ్రేకు పట్టినప్పుడు వెనక చక్రం గెంతడం, రీబౌండ్ క్లిక్కర్ ఎంత తిప్పినా తేడా తెలియకపోవడం, మొదటి ఐదు నిమిషాలు బాగుండి తర్వాత తేలిపోవడం, ఇవన్నీ నూనె పాడైన గుర్తులు. ఏ గుర్తూ లేకపోయినా గంటల లెక్క చూసుకోవాలి. మామూలుగా తొక్కే పిల్లలకు 40, 50 గంటలకోసారి నూనె మార్చేవాళ్ళే ఎక్కువ. పోటీలకు వెళ్ళేవాళ్ళు ఇంకా ముందే మారుస్తారు. మీ బండి మాన్యువల్లో ఉన్న మాటే చివరి మాట.

షాక్ మీద నేరం మోపే ముందు లింకేజి చూడండి. ఇది అందరూ దాటేసే మెట్టు. స్వింగ్‌ఆర్మ్, లింకేజి బేరింగుల్లో సన్నటి సూదుల్లాంటి రోలర్లు ఉంటాయి. బండిని ప్రెషర్ వాషర్‌తో కడిగిన ప్రతిసారీ నీళ్ళు వాటిలోకి వెళతాయి. గ్రీజు కొట్టుకుపోయి తుప్పు పడితే వెనక భాగం బిగుసుకుపోతుంది. నాకు చూపించిన ఒక బండికి షాక్ విప్పాల్సిన అవసరమే రాలేదు, లింకేజిలో గ్రీజు పెట్టేసరికి కుదురుకుంది. ఎలాగూ షాక్ తీయాలంటే లింకేజి విప్పాలి కాబట్టి ముందు అదే శుభ్రం చేసి చూడండి.

తీసే ముందు క్లిక్కర్ల లెక్క రాసుకోవాలి. స్క్రూని పూర్తిగా లోపలికి తిప్పుతూ ఎన్ని క్లిక్కులు వచ్చాయో లెక్కపెడితే అదే ఇప్పటి సెట్టింగు. కంప్రెషన్‌కి ఒకటి, రీబౌండ్‌కి ఒకటి, కొన్నిట్లో పెద్ద నట్టులా హై స్పీడ్ కంప్రెషన్ ఒకటి. స్ప్రింగు బిగింపు పొడవు కూడా టేపుతో కొలవండి. ఫోన్లో ఫొటో ఉంటే చాలనుకుంటాం కానీ ఫొటోలో క్లిక్కులు కనబడవు.

విప్పడం

బండిని స్టాండు మీద ఎక్కించి వెనక చక్రం నేలకు తగలకుండా ఉంచాలి. చాలా బండ్లలో సబ్‌ఫ్రేమ్ కింది బోల్టులు తీసి పైకి లేపితే, లేదా మొత్తం తీసేస్తే, షాక్ బయటికి వస్తుంది. బయటికి తీసి, నూనె జిడ్డు, మట్టి అంతా పోయేలా కడిగి ఆరబెట్టాలి. ఈ పనిలో సగం శుభ్రతే. ఇసుక రేణువు ఒకటి లోపలికి పోతే కొత్త సీలు వారం తిరక్కుండా పోతుంది. నేను బల్ల మీద తెల్ల బట్ట పరుస్తాను, రాలిన ప్రతిదీ కనబడుతుంది.

ఒక జాగ్రత్త. ఇక్కడి చాలా ఇళ్ళలో గ్యాసు వాటర్ హీటరు గ్యారేజీలోనే ఉంటుంది, కొన్నిటికి చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. బ్రేక్ క్లీనర్ ఆవిరికి ఆ మంట చాలు. ఆ పని ఆరుబయట చేయండి. క్లోరిన్ ఉన్న రకం కొనకండి, అది బాగా వేడి తగిలితే విషవాయువు పుడుతుంది.

స్ప్రింగు పైన రెండు రింగులుంటాయి, ఒకటి బిగింపు, ఒకటి తాళం. ముందు మరల్లో మట్టి బ్రష్‌తో తీసేసి, ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో తడుతూ వదులు చేయాలి. అన్ని క్లిక్కర్లూ పూర్తిగా తెరవాలి. రింగు చివరిదాకా వదిలితే డర్ట్ బైకుల్లో మామూలుగా స్ప్రింగు వదులై, కింది ప్లేటు పక్కకు వచ్చేస్తుంది. అప్పటికీ బిగుతుగా ఉంటే బలవంతంగా లాగొద్దు, స్ప్రింగు కంప్రెసర్ తెచ్చుకోవాలి.

ఇప్పుడు గ్యాసు. వంటింటి కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల ఉండే అదనపు ఒత్తిడి సుమారు ఒక బార్. ఆవిరి పోకుండా దాని మూతే తీయం. షాక్‌లో ఉన్నది అలాంటివి పది. కళ్ళజోడు పెట్టుకుని, వాల్వు మొహానికి ఎదురుగా లేకుండా తిప్పుకుని, సైకిల్ ట్యూబు వాల్వులా ఉండే ఆ పిన్నును మెల్లగా నొక్కి గ్యాసు మొత్తం వదలాలి. శబ్దం ఆగాక ఇంకోసారి నొక్కి చూడాలి. కొన్ని షాక్‌లకు ఈ వాల్వు ఉండదు, స్క్రూ కింద రబ్బరు బిరడా ఉంటుంది, దానికి ప్రత్యేకమైన సూది కావాలి. అలాంటిదైతే గ్యాసు తీయించడం కూడా షాపులోనే.

గ్యాసు పోయాక రిజర్వాయరు మూతను కొద్దిగా లోపలికి నొక్కితే సర్‌క్లిప్ బయటపడుతుంది. దాన్ని తీసి, మూతతో పాటు బ్లాడర్ని లాగేయాలి. తర్వాత షాఫ్ట్ వైపు. పైన ఉన్న డస్ట్ క్యాప్‌ను చుట్టూ తట్టుతూ లేపి, సీల్ హెడ్‌ను లోపలికి నొక్కి, దాని సర్‌క్లిప్ తీయాలి. ఇక్కడ తొందరపడి షాఫ్ట్ లాగకండి. క్లిప్ కూర్చున్న గాడి అంచు వేలితో తడమండి. ఎక్కడైనా గరుకు ఉంటే 600 నంబరు ఉప్పుకాగితంతో నున్నగా చేసి తుడవండి. లేకపోతే బయటికి వచ్చేటప్పుడు పిస్టన్ చుట్టూ ఉన్న పట్టీ, సీల్ హెడ్ ఓ రింగు తెగుతాయి.

షాఫ్ట్ మెల్లగా బయటికి లాగి నూనె గిన్నెలోకి వంచండి. కొత్తది పారదర్శకంగా, రంగు నీళ్ళలా ఉంటుంది. పాతది వెండిపొడి కలిపిన డికాషన్‌లా వస్తుంది, వాసన కూడా కాలిన వాసన. దాన్ని డ్రైన్‌లో పోయకూడదు. మూత ఉన్న సీసాలో పట్టి కౌంటీ వాళ్ళ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి. కొన్ని ఆటో పార్ట్స్ దుకాణాలు కూడా వాడిన నూనె తీసుకుంటాయి, అడిగి వెళ్ళండి.

మొదటి ఆగే చోటు

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. నూనె నల్లబడింది, సీలు మాత్రం కారడం లేదు అంటే షాఫ్ట్ చివర నట్టు ముట్టుకోవక్కర్లేదు. బ్లాడర్ చూసి, ఓ రింగులు మార్చి, లోపల శుభ్రం చేసి కొత్త నూనె పోసేస్తే సరిపోతుంది. మొదటిసారి చేసేవాళ్ళు ఇక్కడే ఆగిపోవాలని నా సలహా.

సీలు మార్చాలంటే సీల్ హెడ్ షాఫ్ట్ మీంచి బయటికి రావాలి, దానికి పిస్టన్, బిళ్ళలు అన్నీ తీయాలి. నట్టు ఊడిపోకుండా షాఫ్ట్ చివరను ఫ్యాక్టరీలో కొట్టి అణిచేసి ఉంటారు. ఆ అణిచిన అంచును ఆకురాయితో అరగదీసి గానీ నట్టు తిప్పకూడదు. బలవంతంగా తిప్పితే షాఫ్ట్ మరలు పోతాయి, షాఫ్ట్ ఖరీదు ముందు షాపు లేబర్ ఎంతో చవక. వైస్‌లో పట్టించేటప్పుడు కింది కన్ను దగ్గర చెక్కముక్కలు పెట్టి పట్టించాలి. మెరిసే షాఫ్ట్‌ను ఎప్పుడూ వైస్‌లో పెట్టొద్దు. అరగదీసిన పొడి మొత్తం తుడిచాకే నట్టు విప్పాలి.

నట్టు రాగానే కనిపించేది రీబౌండ్ వైపు బిళ్ళల దొంతర, తర్వాత పిస్టన్, తర్వాత కంప్రెషన్ వైపు దొంతర. ఈ బిళ్ళలనే షిమ్‌లు అంటారు. మందం 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. చూడటానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. వచ్చిన వరసలోనే, ఏ వైపు పైకి ఉందో అదే వైపుగా, తీగకు గుచ్చి రెండు చివరలూ మెలిపెట్టాలి. నేను అలా గుచ్చుతుంటే మా అత్తయ్యగారు చూసి "నల్లపూసలు గుచ్చినట్టు గుచ్చుతున్నావేంటమ్మా" అన్నారు. పోలిక బాగానే కుదిరింది, ఒక్కటి తగ్గినా ఊరుకునేది కాదు.

ఎందుకంత పట్టింపు అంటే, పలక వంగకుండా నిలిచే బలం దాని మందం ఘనంతో పెరుగుతుంది. 0.2 మిల్లీమీటర్ల బిళ్ళ ఒకటి, 0.1 బిళ్ళలు ఎనిమిదింటికి సమానం. "రెండు 0.1లు పెడితే ఒక 0.2 అవుతుందిగా" అనుకుంటే ఆ చోట బలం పావు వంతుకి పడిపోతుంది. అందుకే షిమ్‌ల వరస మార్చి షాక్‌ను మెత్తగానో గట్టిగానో చేసే పని ఇంట్లో వద్దు. అది అనుభవం ఉన్న సస్పెన్షన్ షాపు పని. మనం తీసింది తీసినట్టు తిరిగి పెడతాం.

ఇప్పుడు ఒక్కో భాగం వెలుతురులో చూడాలి. షాఫ్ట్ మీద గోరు తగిలేంత గీత ఉన్నా, మెరుపు పూత ఊడి చుక్కలు ఉన్నా కొత్త సీలు నిలవదు. పిస్టన్ పట్టీ మెరుపు తేలి అరిగితే మార్చాలి. షాఫ్ట్ అడుగున ఉండే రబ్బరు బంపర్ పాత బండ్లలో రస్కులా పొడిపొడి అవుతుంది, బండి పూర్తిగా కుంగినప్పుడు చివరి దెబ్బ కాసేది అదే. బ్లాడర్ని చేత్తో పిండి, ముడతల్లో పగుళ్ళు చూడండి. షిమ్‌లను గాజు పలక మీద పెట్టి వంగినవి ఏరండి.

తిరిగి ఎక్కించేటప్పుడు మొదట బంపర్, డస్ట్ క్యాప్, తర్వాత కొత్త సీల్ హెడ్, కంప్రెషన్ దొంతర, పిస్టన్, రీబౌండ్ దొంతర, నట్టు. షాఫ్ట్ మరలు సీలు పెదవిని చీల్చకుండా ప్లాస్టిక్ టోపీ అమ్ముతారు, అది తొడిగి, సీలుకి గ్రీజు రాసి జార్చాలి. నట్టు కొత్తది వాడటమే మేలు. మరలకు లాకింగ్ జిగురు వేసి, మాన్యువల్ చెప్పినంత బలంతో టార్క్ రెంచితోనే బిగించాలి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. ఆ నట్టు లోపల ఊడితే బండి పరుగులో ఉండగా వెనక చక్రాన్ని అణిచేది ఇంకేమీ ఉండదు.

నూనె పోయడం, బుడగలు తీయడం

నూనె డబ్బా మీద ఉండే 2.5, 5 లాంటి "వెయిట్" అంకెలను నమ్మకండి. ఒక కంపెనీ 5 ఇంకో కంపెనీ 5కి సమానం కాదు. 40 డిగ్రీల దగ్గర స్నిగ్ధత ఎంతో సెంటీస్టోక్స్‌లో రాసి ఉంటుంది, పోల్చాల్సింది ఆ అంకెను. ఫోర్కు నూనె మిగిలింది కదా అని ఇందులో పోయొద్దు. వేడికి త్వరగా పల్చబడని, షాక్‌కే చేసిన నూనె కొనండి. ఒక లీటరు సీసాతో రెండుసార్లు వస్తుంది.

బాడీని తెరిచిన వైపు పైకి ఉండేలా వైస్‌లో నిలబెట్టి, నూనె ధారగా, నురుగు రాకుండా పోయాలి. రిజర్వాయరులోకి వెళ్ళే దారి కూడా నిండాలి, కాబట్టి అటూ ఇటూ వంచుతూ, చెక్కతో మెల్లగా తడుతూ బుడగలు పైకి రానివ్వాలి. అప్పుడు షాఫ్ట్ దించి, పిస్టన్ నూనె మట్టం కింద ఉండేలా చూసుకుంటూ, కొద్దికొద్దిగా పైకీ కిందికీ ఆడించాలి. వేగంగా ఆడిస్తే కవ్వం కథే. బుడగలు ఆగేదాకా ఇదే పని. పప్పు నానబెట్టి ఇంకో పని చేసుకొచ్చినట్టు నేను పదిహేను నిమిషాలు అలా వదిలేసి వస్తాను. సన్న బుడగలు తమంతట తామే పైకి తేలతాయి.

తర్వాత బాడీని అంచుదాకా నింపి, నూనె పొర్లుతుండగా సీల్ హెడ్ దించి సర్‌క్లిప్ వేయాలి. క్లిప్ చుట్టూ గాడిలో కూర్చుందో లేదో వేలితో తడిమి, షాఫ్ట్ గట్టిగా పైకి లాగి సీల్ హెడ్ దానికి ఆనేలా చేయాలి. ఈ ఒక్కటి మాత్రం రెండోసారి, మూడోసారి చూడండి. క్లిప్ సగమే కూర్చుంటే 10 బార్లు ఎక్కగానే సీల్ హెడ్ తూటాలా బయటికి వస్తుంది.

షాఫ్ట్ పూర్తిగా బయట ఉండగానే రిజర్వాయరును అంచుదాకా నింపి, బ్లాడర్ని ఏటవాలుగా దించాలి, అడుగున గాలి చిక్కకుండా. పొర్లే నూనె పొర్లనివ్వండి. మూత లోపలికి నొక్కి క్లిప్ వేసి, సైకిల్ పంపుతో అర బార్ గాలి కొడితే మూత క్లిప్‌కి ఆని నిలుస్తుంది. ఇప్పుడు షాఫ్ట్ నొక్కి చూడాలి. మొదటి నుంచి చివరిదాకా ఒకే రకమైన మెత్తటి నిరోధం రావాలి. మధ్యలో ఖాళీగా జారిన చోటు తగిలినా, బురదలో కాలేసినట్టు గుచగుచ శబ్దం వచ్చినా లోపల గాలి ఉన్నట్టే. మళ్ళీ మొదటికి రావాలి, వేరే దారి లేదు.

రెండో ఆగే చోటు: నైట్రోజన్

ఈ పని షాపుకి వదిలేయమనే చెబుతాను. నైట్రోజన్ సిలిండరులో ఒత్తిడి 2,000 పీఎస్ఐ పైన ఉంటుంది. దానికి సరైన రెగ్యులేటరు, గొట్టం, చివర ప్రత్యేకమైన పిడి కావాలి. రెండేళ్ళకు మూడుసార్లు చేసే పనికి అంత సరంజామా దండగ, ప్రమాదం కూడా. సస్పెన్షన్ పని చేసే మోటార్‌సైకిల్ షాపులో ఐదు నిమిషాల పని ఇది. మనం కొట్టిన గాలి వదిలేసి, నైట్రోజన్ నింపి ఒకసారి వదిలి, మళ్ళీ నింపమని అడగండి, మిగిలిన గాలి పోతుంది. ఒత్తిడి మాన్యువల్లో ఉంటుంది. చాలావాటికి 10 బార్ల దగ్గర, అంటే 145 పీఎస్ఐ.

సరిగ్గా నిండిందో లేదో ఇంటికొచ్చాక టైరు గేజీ పెట్టి చూడకండి. బ్లాడర్‌లో గ్యాసు చాలా తక్కువ, గేజీలోకి పోయిన కాస్తకే ఒత్తిడి దిగిపోతుంది. దానికి సులువైన పరీక్ష ఉంది. షాఫ్ట్ వ్యాసం 16 మిల్లీమీటర్లయితే దాని అడ్డుకోత 201 చదరపు మిల్లీమీటర్లు. దాని మీద 10 బార్లు అంటే సుమారు 20 కిలోల బలం. స్ప్రింగు లేకుండా షాఫ్ట్‌ను లోపలికి నొక్కాలంటే బియ్యం బస్తా ఎత్తినంత బలం పెట్టాలి, వదిలేస్తే తనంతట తానే మెల్లగా, ఆగకుండా బయటికి రావాలి. చేతికే తేలిగ్గా లోపలికి పోతే గ్యాసు లేదు.

స్ప్రింగు బిగింపు, పిల్లల బరువు

షాక్ బాగుచేసి, స్ప్రింగు పాత కొలతకే బిగించి వదిలేస్తే సగం పనే అయినట్టు. గత వేసవి నుంచి ఈ వేసవికి మా అబ్బాయి 9 కిలోలు పెరిగాడు. స్ప్రింగు మాత్రం పెరగలేదు. సాగ్ కొలవాలి, అంటే బరువు పడ్డాక వెనక భాగం ఎంత కుంగుతుందో ఆ కొలత.

వెనక ఇరుసు నుంచి నిటారుగా పైన ఫెండర్ మీద ఒక గుర్తు పెట్టండి. మూడు కొలతలు కావాలి. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఒకటి, బండి తన కాళ్ళ మీద నిలబడినప్పుడు ఒకటి, పిల్లవాడు హెల్మెట్, బూట్లు, మొత్తం గేరుతో ఎక్కినప్పుడు ఒకటి. ఉదాహరణకు 600, 565, 500 మిల్లీమీటర్లు వచ్చాయనుకోండి. బండి ఒక్కదానికి 35 కుంగింది, రైడరుతో 100. పెద్ద మోటోక్రాస్ బండికి ఇది చక్కటి లెక్క. రైడరుతో 100 నుంచి 105, ఖాళీగా 30 నుంచి 40 ఉండాలి. పిల్లల 85 సీసీ బండ్లలో చక్రం ఆట తక్కువ, అందుకని ఆట మొత్తంలో మూడో వంతు అనుకుని మొదలుపెట్టి మాన్యువల్‌తో సరిచూసుకోండి.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. రైడరు కొలత సరిగ్గా 100కి తెచ్చాక ఖాళీ బండి 15 మాత్రమే కుంగుతోందంటే, స్ప్రింగు మరీ గట్టిదనిపిస్తుంది. నిజానికి అది మెత్తటి స్ప్రింగు. పిల్లవాడి బరువు మోయలేక, 100కి తేవడానికి దాన్ని ముందే బాగా బిగించాల్సి వచ్చింది. ఆ బిగింపు వల్లే ఖాళీ బండి కుంగడం లేదు. అంటే ఒక నంబరు గట్టి స్ప్రింగు కావాలి. అలాగే ఖాళీ బండి 50, 55 కుంగుతుంటే స్ప్రింగు పిల్లవాడికి గట్టిది. వాడిన బండి కొన్నవాళ్ళు ఇది తప్పకుండా చూడాలి, పాత యజమాని తన బరువుకి తగ్గ స్ప్రింగు వేయించుకుని ఉండొచ్చు. స్ప్రింగు మీద దాని నంబరు అచ్చు వేసి ఉంటుంది. 70 కిలోల మనిషి స్ప్రింగు మీద 45 కిలోల పిల్లవాడు కూర్చుంటే ఎంత ఖరీదైన నూనె పోసినా బండి ఎగురుతూనే ఉంటుంది. కొత్త స్ప్రింగు ఒక్కదానితో తీరే సమస్యకు వందల డాలర్లు షాక్ మీద పోసినవాళ్ళను చూశాను.

క్లిక్కర్లు రాసుకున్న లెక్కకే తిప్పండి. కొత్త నూనెతో రీబౌండ్ నెమ్మదిగా అనిపిస్తుంది, అది మామూలే, పాత నూనె అంత పల్చబడిందన్నమాట. మొదటి రోజు పది నిమిషాలు మెల్లగా తొక్కించి, దింపి, షాఫ్ట్ చుట్టూ తెల్ల టిష్యూతో తుడిచి చూడండి. సన్నటి తడి మొదటిసారి వస్తుంది, రెండోసారి తుడిచినప్పుడు రాకూడదు. షాక్ పై బోల్టు, కింది బోల్టు, లింకేజి బోల్టులు టార్క్ రెంచితో ఇంకోసారి చూసి, గంటల మీటరులో ఉన్న అంకెను టేపు మీద రాసి ఎయిర్‌బాక్సు మూత లోపలివైపు అంటించండి.